1,850 రూపాయల ట్రాలీ కిట్: బండి బాగుంది, కాగితమే తప్పు

హన్మకొండ చౌరస్తా దగ్గర సైన్స్ సామాన్లు అమ్మే షాపులో జూన్‌లో కొన్నాను. ఎంత బేరమాడినా పైసా తగ్గించలేదు. పరకాల వైపు ఓ ఊళ్లో తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్తాను. న్యూటన్ రెండో నియమం (బలం పెరిగితే త్వరణం, అంటే వేగం పెరిగే రేటు, పెరుగుతుంది; ద్రవ్యరాశి పెరిగితే తగ్గుతుంది) ఏటా బోర్డు మీదే అయిపోతోందని జేబులోంచే పెట్టాను.

400 గ్రాముల చక్రాల బండి, మీటరు దాటిన చెక్కపలక, గిరక, దారం, 50 గ్రాముల రాళ్లు రెండు. చక్రాలు మొదటిరోజే కిర్రుమన్నాయి. కుట్టుమిషన్ నూనె చుక్కేస్తే దారికొచ్చాయి. పలక ఒక చివర కింద నోట్‌బుక్కు పెట్టి, వేలితో తోస్తే బండి ఒకే వేగంతో పోయేలా సరిచూసుకోండి. రాపిడి బెడద చాలావరకు తీరుతుంది.

అసలు పేచీ కిట్‌తో వచ్చిన కాగితంతోనే. ‘దారానికి ఒక రాయి కట్టండి, తర్వాత రెండోది తగిలించండి, త్వరణం రెట్టింపవుతుంది’ అని రాశారు. కాదు. లెక్క కడితే 1.8 రెట్లే. వేలాడే రాయి కూడా బండితో పాటు కదులుతుంది కదా, దాని ద్రవ్యరాశిని ఎక్కడ దాచారు? రెండో రాయిని ముందు బండి మీదే ఉంచి, తర్వాత దారానికి మార్చాలి. అప్పుడు మొత్తం 500 గ్రాములు మారదు, బలం ఒక్కటే 0.49 నుంచి 0.98 న్యూటన్లు అవుతుంది. త్వరణం సరిగ్గా రెట్టింపు.

తర్వాత ఒకే రాయి వేలాడదీసి, రెండోది బండి మీదే ఉంచి, దానికి తోడు కిరాణా కొట్టు అరకిలో రాయి పెట్టాం. మొత్తం ద్రవ్యరాశి రెట్టింపైంది. మా క్లాసులో ఒకడి నాన్న ఎనుమాముల మార్కెట్లో హమాలీ. ‘మిర్చి బస్తాలేసిన బండి జల్ది కదలదు సార్, డబుల్ టైం పడుతది’ అన్నాడు వాడు. ఫోన్‌లో స్లోమోషన్ తీశాం. మీటరు దూరానికి అంతకుముందు ఒకటిన్నర సెకన్లు, ఇప్పుడు రెండుకు కాస్త పైన. వాడి ముఖం చిన్నబోయింది. సగమైంది త్వరణం, కాలం పెరిగేది 1.4 రెట్లేనని వర్గమూలం వేసి చూపించేసరికి బెల్లు కొట్టారు.

కాగితం సంగతి షాపాయనకు చెప్తే ‘కంపెనీ పంపిందే ఇస్తం సార్’ అన్నాడు. నేనే ఒకటి రాసి పెట్టె మూతకు అతికించాను. గిరక బిగించే క్లాంపు ప్లాస్టిక్‌ది, ఆగస్టులోనే పగిలింది. కొనేవాళ్లు ఇనుపది అడగండి.