తిరుపతిలో పాత ఏళ్ల ట్యాక్స్ బాకీలు కట్టేవాళ్లు జాగ్రత్త: డబ్బు కన్సల్టెంట్ చేతికి ఇవ్వొద్దు

ఆ కన్సల్టెంట్ పేరు ఇక్కడ రాయడం లేదు, అది పోలీసులకిచ్చే కాగితంలో రాస్తాను. మన ఊళ్లో ఉద్యోగస్తులు చాలామంది రిటర్నులు వేయించేది ఈయన దగ్గరే కాబట్టి ఎవరో మీకు తెలిసిపోతుంది.

సాయంత్రాలు కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పిన డబ్బు, ఎఫ్‌డీ వడ్డీ మూడేళ్లుగా నా రిటర్నుల్లో పడలేదు. ఏఐఎస్‌లో (మన ఆదాయాల వివరాలు ఇన్‌కమ్ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ దగ్గరుండే పట్టీ) మాత్రం అన్నీ ఉన్నాయి, మెసేజ్ వచ్చింది. అప్‌డేటెడ్ రిటర్నులు (గడువు దాటాక, వదిలేసిన ఆదాయం చూపించి వేసే రిటర్నులు) వేసి బాకీ తీర్చేద్దామని ఈయన దగ్గరికి పోయాను. 2025 బడ్జెట్ నుంచి దీనికి నాలుగేళ్ల గడువుంది. కాకపోతే పన్ను, వడ్డీ కలిపిన మొత్తం మీద మొదటి ఏడాదిలో అయితే 25 శాతం అదనం, తర్వాత 50, 60, 70. మూడేళ్లకు కలిపి 2,10,000 అని లెక్క తేల్చాడు, ఫీజు వేరే. ఆ లెక్క కరెక్టేనట, ఇప్పుడు చూస్తున్న సీఏ చెప్పాడు. లెక్కలు బాగా వచ్చు మహానుభావుడికి.

“మీరు కడితే మైనర్ హెడ్ తప్పు కొడతారు సార్, మళ్లీ అదో తలనొప్పి. నాకు వేసేయండి, నేనే కట్టేస్తా” అన్నాడు. మైనర్ హెడ్ అంటే ఏ రకం పన్ను కడుతున్నామో చెప్పే కోడ్. మొన్ననే కొండకు పోయొచ్చానని లడ్డూ ముక్క చేతిలో పెట్టాడు. కళ్లకద్దుకుని మరీ డబ్బు ట్రాన్స్‌ఫర్ చేశాను. నాలుగు రోజుల్లో మూడు చలాన్లు వాట్సాప్‌లో పంపాడు.

ఈ వారం బ్యాంకులో లోన్ కోసం మూడేళ్ల రిటర్నులు అడిగితే ఆ కాగితాలు తీశాను. రెండు చలాన్ల మీద ఒకే సీరియల్ నంబర్, నిమిషంతో సహా ఒకే టైమ్. మొత్తం, అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) మాత్రం వేరు. ఆ అంకెలు పక్క అక్షరాలకంటే కొంచెం లావుగా, గీత తప్పి ఉన్నాయి. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లోకి పోయి పేమెంట్ హిస్టరీ చూస్తే పడింది ఒక్కటే, అన్నిటికంటే తక్కువ బాకీ ఉన్న ఏడాదిది. మిగతా రెండేళ్లకు డబ్బూ లేదు, రిటర్నూ లేదు. ప్రొఫైల్లో ఈమెయిల్, ఫోన్ నంబర్ రెండూ ఆయనవే. డిపార్ట్‌మెంట్ నాకు పంపిందంతా ఆయనకే పోతోంది.

ఆఫీసుకు పోయి రెండు చలాన్లూ టేబుల్ మీద పెట్టాను. బెంచీ మీద ఫారం 16లు పట్టుకుని జనం కూర్చున్నారు. చలాన్ల వైపు కూడా చూడలేదు ఆయన. “మెల్లిగా మాట్లాడండి సార్” అన్నాడు ముందు. డబ్బు ఎక్కడ పోయిందని గట్టిగా అడిగేసరికి కుర్చీలో వెనక్కి వాలి, అందరికీ వినపడేట్టు అన్నాడు: “ట్యాక్స్ ఎగ్గొట్టింది నువ్వా నేనా? కంప్లైంట్ ఇచ్చుకో పో. ఫస్టు తీసేది నీ ఫైలే.”

నా వయసు యాభై రెండు. ఆ కుర్రాడికి ముప్పై అయిదుంటాయేమో. బెంచీ మీదున్న వాళ్లంతా నన్నే చూశారు, దొంగను చూసినట్టు. ప్రింటర్ దగ్గరున్న అమ్మాయి తల దించుకుంది. ఆమెకు ఇది కొత్త కాదనిపించింది.

ఈ వ్యాపారం నడిచేదే ఆ భయం మీద. బాకీ ఉన్నవాడు భయపడతాడు, నోరెత్తడు, మళ్లీ అప్పు చేసైనా కట్టుకుంటాడు. నేనూ కట్టాలి, తప్పదు. 2026 మార్చి 31 దాటితే 2022-23 అసెస్‌మెంట్ ఇయర్‌కు అదనం 60 శాతం కాస్తా 70 అవుతుంది, 2023-24కు 50 కాస్తా 60. ఇంట్లో ఆమె గాజులు నిన్న బ్యాంకులో పెట్టాము. ఇంకో ముచ్చట, ఆయన వేసిన ఆ ఒక్క రిటర్నులోనూ ఎఫ్‌డీ వడ్డీ వదిలేశాడు. ఒక ఏడాదికి అప్‌డేటెడ్ రిటర్న్ ఒక్కసారే వేయనిస్తారు. దాన్ని ఏం చేయాలో సీఏ చూస్తున్నాడు. ఆ కన్సల్టెంట్ సీఏ కాదన్నది కూడా ఇప్పుడే తెలిసింది. బోర్డు మీద ‘ట్యాక్స్ కన్సల్టెంట్’ అని అంత పెద్దగా రాసుంటే చదివింది ఎవరు?

అన్నట్టు, కన్సల్టెంట్ల దగ్గరికి పోయేవాళ్లు ఇది చూసుకోండి. పన్ను మీ బ్యాంకు ఖాతా నుంచి మీరే పోర్టల్లోని ఈ-పే ట్యాక్స్‌లో కట్టండి. పది నిమిషాల పని. ఫీజు వాళ్లకివ్వండి, పన్ను ఇవ్వొద్దు. ఈ రాత్రికే పోర్టల్లో లాగిన్ అయి ప్రొఫైల్లో ఎవరి నంబర్ ఉందో చూసి, పాస్‌వర్డ్ మార్చండి. ఈయనకే ఇలా డబ్బు వేసినవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, సోమవారం స్టేషన్‌కు కలిసి పోదాం.