గండిపేట, హిమాయత్ సాగర్: వరద ఆపే పనికి ఎన్ని మార్కులు?

గండిపేట గట్టు మీది గాలికి, సాయంత్రపు మిర్చి బజ్జీకి ఎవరైనా ఐదు నక్షత్రాలు ఇచ్చేస్తారు. ఇక్కడ మార్కులు వేసేది దానికి కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాద్‌ను ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఈ డ్యాములు కట్టింది ముఖ్యంగా వరద ఆపడానికి. మూసీ మీద ఉస్మాన్ సాగర్ (గండిపేట అంటే ఇదే) 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. తాగునీళ్లు ఆ పనికి తోడైన లాభం. కాబట్టి పురానాపూల్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్‌లలో నది ఒడ్డున ఉండేవాళ్ల కోసం వీటిని వరద సేవగానే తూకం వేద్దాం.

ముందు ఖాళీ సంగతి. ఉస్మాన్ సాగర్ పూర్తి మట్టం సముద్రమట్టానికి 1790 అడుగులు, నిల్వ 3.9 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). హిమాయత్ సాగర్‌కు 1763.50 అడుగులు, 2.97 టీఎంసీలు. ఇవి నిండుగా ఉన్న రోజు వరదను ఆపలేవు. పైనుంచి ఎంత వస్తే దాదాపు అంతా కిందికి వదలాల్సిందే. ఎంత ఖాళీ ఉంటే ఎంతసేపు ఆగుతుందో లెక్క చూడండి. అర టీఎంసీ ఖాళీ ఉంది, పైనుంచి 10,000 క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) వస్తున్నాయి, గేట్ల నుంచి 4,000 వదులుతున్నారు అనుకుందాం. లోపల నిలిచేది సెకనుకు 6,000 ఘనపుటడుగులు. నిండడానికి 23 గంటలు పడుతుంది. ఈలోగా వాన తగ్గితే కిందివాళ్లకు వరద వచ్చిన సంగతే తెలియదు. అదే ఇన్‌ఫ్లో (లోపలికి వచ్చే నీరు) లక్ష క్యూసెక్కులైతే ఆ ఖాళీ గంటన్నర కూడా ఆగదు. 1908లో నగరం దగ్గర మూసీ ప్రవాహం 4.25 లక్షల క్యూసెక్కులని అంచనా. అదంతా ఈ రెండింటిలోకే వచ్చి, రెండూ ఎండిపోయి ఉన్నాయనుకున్నా, నాలుగున్నర గంటల్లో నిండిపోతాయి. మధ్యరకం వరదను మింగడం, పెద్ద వరదకు కాస్త వ్యవధి సంపాదించి పెట్టడం, ఇవి చేయగలిగింది అంతవరకే.

చిక్కు తేదీల్లో ఉంది. 1908 వరద సెప్టెంబరు 28న. 2020లో నగరం మునిగింది అక్టోబరు 13న. ఎంజీబీఎస్ బస్ స్టేషన్‌లోకి మూసీ నీళ్లు వచ్చి, రాత్రికి రాత్రి ప్రయాణికులను బయటికి తేవాల్సి వచ్చింది 2025 సెప్టెంబరు 26, 27 తేదీల్లో. (2020లో వాన నగరం మీదే కురిసింది. డ్యాములకు దిగువన పడిన నీటిని డ్యాము ఆపలేదు, అది వేరే సంగతి.) మూడూ వానాకాలం చివరే. తాగునీటి లెక్కన చూస్తే సెప్టెంబరు ఆఖరుకి జలాశయం నిండాలి. వరద లెక్కన చూస్తే ఆ వారమే ఖాళీ ఉండాలి. ఈ తగువు తీర్చేది రూల్ కర్వ్: ఏ నెల ఏ తేదీకి మట్టం ఎంత దాటకూడదో ముందే గీసిపెట్టే గీత. నగరానికి ఇప్పుడు ఎక్కువ నీళ్లు కృష్ణా, గోదావరి నుంచే వస్తున్నాయి కాబట్టి ఆ గీతను కిందికి దింపే వెసులుబాటు ఉంది. అయితే మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి వీటిని నింపే పథకానికి 2025 సెప్టెంబరులోనే శంకుస్థాపన జరిగింది. పంపులు వచ్చాక వానాకాలంలో వాటిని ఎప్పుడు ఆపాలో రూల్ కర్వ్‌లో రాయకపోతే, కరెంటు ఖర్చు పెట్టి మరీ వరద జాగాను నింపుకున్నట్టే. ఖాళీ విషయంలో 10కి 5.

ఇక గేట్లు. ఉస్మాన్ సాగర్‌కు 15, హిమాయత్ సాగర్‌కు 17. గేట్లకు మార్కులు వేయాల్సింది మే నెలలో, అదీ దగ్గరికెళ్లి. గేటును లేపే ఇనుప తాడు మీద గ్రీజు నల్లగా మెరుస్తోందని తృప్తి పడితే చాలదు. గ్రీజు తుడిచి, తాడు పొడవునా గుడ్డ పట్టి జరపాలి. పోగు తెగినచోట గుడ్డ చిక్కుకుంటుంది. ఎక్కువగా తెగేది డ్రమ్ము మీద చుట్టుకునే చోట, నీటి అంచు తగిలే చోట. గేటుకు రెండువైపులా ఉన్న తాళ్లు సమంగా లాగుతున్నాయో లేదో చూడాలి. ఒకటి వదులైతే గేటు ఓరగా లేచి, గాడిలో ఇరుక్కుంటుంది. ఇరుక్కున్న గేటును మోటారు ఇంకా లాగితే తాడన్నా తెగుతుంది, గేరు పళ్లన్నా పోతాయి. చక్రాలు తిరగకుండా తుప్పుపట్టి రాసుకుంటూ లేచినా ఫలితం అదే. పక్క రబ్బరు సీళ్లు చిరిగితే గేటు మూసి ఉన్నప్పుడు సన్నటి ధారలు చిమ్ముతుంటాయి. చూడ్డానికి చిన్న విషయమే, కానీ ఆ ధారే గాడి ఇనుమును కొరుకుతుంది.

జనరేటర్‌ను ఊరికే స్టార్ట్ చేసి ఆపేయడం పరీక్ష కాదు. గేటు మోటారు లోడు మీద కనీసం అరగంట నడపాలి. వరద వచ్చే రాత్రి కరెంటు పోవడం మామూలే. చేత్తో తిప్పే హ్యాండిల్ ఎక్కడుందో, ఎంతమంది ఎంతసేపు తిప్పితే గేటు ఒక అడుగు లేస్తుందో రాసి గోడకు అంటించి ఉండాలి. గేటు పాడైతే నీటికి అడ్డంగా దించే స్టాప్‌లాగ్ పలకలు ఒక్కసారైనా గాడిలో దింపి చూసి ఉండాలి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయాక, పారుతున్న నీటిలో స్టాప్‌లాగ్ దించడం ఎంత కష్టమో అందరూ చూశారు. మన దగ్గర కడెం ప్రాజెక్టు సంగతి ఇంకా చేరువ. 2022 జూలైలో ఒక గేటు లేవకపోగా, నీళ్లు గేట్ల మీదుగా పొర్లాయి. గేట్లు ఎత్తడంలోనూ పద్ధతి ఉంది: మధ్యవాటితో మొదలుపెట్టి రెండువైపులకూ సమంగా, విడతలుగా ఎత్తాలి. ఒక పక్కవే ఎత్తితే దిగువన నీళ్లు సుడి తిరిగి పునాది వైపు కోస్తాయి. బెత్తెడు ఎత్తి వదిలేస్తే గేటు అదురుతూ ఉంటుంది.

మట్టికట్ట ఉన్నచోట చూడాల్సింది కాలిదగ్గర, అంటే దిగువ వైపు కట్ట అడుగున, వచ్చే ఊట. ఊట ఉండటం తప్పు కాదు, మట్టికట్ట అన్నాక చెమ్మ వస్తుంది. అది తేటగా ఉందా, కిందటి ఏడు ఇదే మట్టానికి ఎంత వచ్చింది అన్నదే ప్రశ్న. దాన్ని కొలిచేది వీ-నాచ్ పలక, అంటే V ఆకారపు గాటు ఉన్న పలక. 90 డిగ్రీల నాచ్‌లో నీరు 5 సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకు ముప్పావు లీటరు. 10 సెంటీమీటర్లయితే 4.4 లీటర్లు. ఎత్తు రెట్టింపైతే నీళ్లు దాదాపు ఆరు రెట్లన్నమాట. అందుకే రిజిస్టరులో 'స్వల్ప పెరుగుదల' అని రాసి ఉంటే నమ్మొద్దు, అంకె అడగాలి. ఊటలో మట్టిరంగు కనిపిస్తే కట్ట లోపలి నుంచి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. అప్పుడు కంగారుగా బంకమట్టి వేసి నోరు మూసేవాళ్లున్నారు. అదే ప్రమాదం. నీరు మరోచోట చీల్చుకుని వస్తుంది. ఊట మీద ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన పెద్ద రాళ్లు పరవాలి. నీరు పోవాలి, మట్టి ఆగాలి. చీమల పుట్టలు, పందికొక్కు బొరియలు, వేళ్లూనిన రావి మొక్కలు వానలకు ముందే తీయించాలి. ఇక కట్ట మీదుగా నీళ్లు పొర్లితే ఏ వైద్యమూ లేదు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టులో ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు, ఎగువన పింఛా కట్ట తెగిన నీళ్లు తోడయ్యాయి, మట్టికట్ట కొట్టుకుపోయింది.

కాగితం సంగతి క్లుప్తంగా. ఐఎస్ 11223 అనే భారత ప్రమాణం ప్రకారం నిల్వ 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటితే పెద్ద డ్యాము కిందే లెక్క. అంటే ఆ ప్రాంతంలో సాధ్యమయ్యే గరిష్ఠ వరదను తట్టుకోవాలి. మన రెండూ ఆ గీత దాటినవే: సుమారు 110, 84. నూరేళ్ల కిందటి లెక్కతో పెట్టిన అలుగు ఈనాటి వాన లెక్కకు సరిపోతుందా అని మళ్లీ చూడాల్సింది అందుకే. 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చిన డ్యామ్ భద్రతా చట్టం వానలకు ముందు, తర్వాత తనిఖీ తప్పనిసరి చేసింది. సమగ్ర భద్రతా మదింపుకి, అత్యవసర కార్యాచరణ ప్రణాళికకి ఐదేళ్ల గడువు ఇచ్చింది. ఆ ప్రణాళికలో ముంపు పటం ఉండాలి. ఏ ఇంటి గడప దాకా నీళ్లొస్తాయో బస్తీవాళ్లకు తెలియకుండా బీరువాలో పెట్టిన పటం ఎందుకూ కొరగాదు.

చివరగా సమాచారం, అతి బలహీనమైన భాగం. 'ఇన్ని గేట్లు ఇన్ని అడుగులు ఎత్తారు, ఔట్‌ఫ్లో ఇంత' అని ఒక్కో జలాశయానికి విడిగా ప్రకటన వస్తుంది. కానీ మూసీ, ఈసీ లంగర్‌హౌస్ బాపూఘాట్ దగ్గర కలుస్తాయి. చాదర్‌ఘాట్‌లో ఉన్నవాళ్లకు కావాల్సింది రెండింటి మొత్తం, అది తమ దగ్గరికి ఏ వేళకు చేరుతుంది, పురానాపూల్ దగ్గర మట్టం ఎంత లేస్తుంది అన్నవి. 10కి 4.

అందాకా ప్రకటనను ఇలా చదువుకోండి. రెండు ఔట్‌ఫ్లోలూ కూడండి. తర్వాత ఒక్కోదానికీ ఇన్‌ఫ్లోలోంచి ఔట్‌ఫ్లో తీసేయండి. మిగిలింది ఎక్కువగా ఉండి, మట్టం పూర్తి మట్టానికి అడుగు లోపల ఉంటే, తర్వాతి ప్రకటనలో మరిన్ని గేట్లు లేస్తాయి. హిమాయత్ సాగర్ కింద ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) సర్వీసు రోడ్డు మూశారని వినబడిందంటే, చాదర్‌ఘాట్ చిన్న వంతెన కింది ఇళ్లవాళ్లు సిలిండరు, కాగితాలు, బండి పైకి చేర్చుకోవాల్సిన సమయం అదే. అర్ధరాత్రి సైరన్ కోసం ఆగొద్దు.