పాయిజానా, సెల్ఫ్-సిమిలరా: బఫర్ లెక్కకు ఏ మోడల్?

నెట్‌వర్క్ లింకు దగ్గర ప్యాకెట్లు (డేటా ముక్కలు) తమ వంతు కోసం ఆగే మెమరీయే బఫర్. అది ఎంత కావాలో లెక్కించడానికి ఈ రెండు మోడళ్లు. ప్యాకెట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయనుకునే పాయిజాన్‌కు రెండు అంకెలు చాలు: సెకనుకు వచ్చే ప్యాకెట్లు, లింకు పంపగలిగేవి. కాగితం మీదే తేలిపోతుంది.
చిన్న వ్యవధిలో చూసినా పెద్ద వ్యవధిలో చూసినా రద్దీ ఒకేలా ఎగుడుదిగుడుగా ఉంటుందనుకునే సెల్ఫ్-సిమిలర్‌కు హర్స్ట్ విలువ (రద్దీ ఎంత పట్టుగా కొనసాగుతుందో చెప్పే అంకె) కూడా కావాలి. దానికి గంటల తరబడి ట్రేస్ (వచ్చిన ప్యాకెట్ల రికార్డు) పట్టాలి. మధ్యలో లోడు సగటు మారిందా, ఆ విలువ ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

అసలు తేడా లోడు 80 నుంచి 90 శాతానికి ఎక్కినప్పుడు:
పాయిజాన్ (ఎం/ఎం/1 అనే సాదా క్యూ లెక్కతో): లింకు దగ్గర సగటున 4 ప్యాకెట్లు కాస్తా 9.
సెల్ఫ్-సిమిలర్ (హర్స్ట్ 0.8): ఇలాంటి రద్దీకి బఫర్ లెక్కగట్టే నార్రోస్ సూత్రం ప్రకారం, అంతే ప్యాకెట్ నష్టానికి బఫర్ సుమారు 21 రెట్లు! అంత మెమరీ కొనేకన్నా లింకు పెంచడం నయం.

ఫోన్ కాల్స్, యూజర్ లాగిన్‌ల రాకకు పాయిజాన్ బాగా నప్పుతుంది. పెద్ద ఫైళ్లు నడిచే ఆఫీసు ఈథర్నెట్‌కు మాత్రం రెండోదే. 1989-92లో బెల్‌కోర్ (అమెరికా టెలికాం పరిశోధన సంస్థ) కొలతల్లో బయటపడింది ఇదే.