సెయింట్ లూయిస్‌లో సూర్యాస్తమయం చూడాలంటే నది దాటండి

సెయింట్ లూయిస్ వెళ్లేవాళ్లకి ముందే ఒక మాట చెప్పేస్తాను. గేట్‌వే ఆర్చ్ (నది ఒడ్డున ఉన్న పెద్ద స్టీలు కమాను) వెనక పొద్దు కుంకడం చూడాలనుంటే, డౌన్‌టౌన్ హోటల్లో 'సన్‌సెట్ వ్యూ' గదికి ఒక్క డాలర్ కూడా ఎక్కువ కట్టకండి. అది ఆ ఒడ్డున కనబడదు. మిసిసిపీ దాటి ఇల్లినాయ్ వైపు వెళ్తే పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. ఈ సంగతి మాకు హోటల్ వాళ్లు 45 డాలర్లు గుంజాక తెలిసింది.

సెప్టెంబరు చివర్లో వెళ్లాం. షికాగో నుంచి ఐ-55 మీద ఐదు గంటల డ్రైవ్. దారి పొడుగునా మొక్కజొన్న, సోయా చేలే. రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు వెనక సీట్లో హాయిగా నిద్రపోయారు.

గది అద్దె 189 డాలర్లు. కౌంటర్లో అమ్మాయి అత్తయ్యగారు కర్ర పట్టుకుని నడవడం చూసి, "ఇంకో 45 కడితే కిటికీలోంచే ఆర్చ్ మీద సన్‌సెట్ కనబడుతుంది, పెద్దావిడకి నడిచే పనుండదు" అంది. ఆ మాటకే మా ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఆ పైన డెస్టినేషన్ ఫీజని 24. దేనికీ అని అడిగితే వైఫై, జిమ్, రెండు మంచినీళ్ల సీసాలట. పార్కింగ్ రాత్రికి 48. పన్నులు కాకుండానే 306 అయింది.

అత్తయ్యగారు ఏ కొత్త చోటికి వెళ్లినా ముందు తూర్పు ఎటో చూసుకుంటారు, పొద్దున్నే దణ్ణం పెట్టుకోవాలి కాబట్టి. నా ఫోన్లో దిక్కులు చూపించమని అడిగి, కర్టెన్ తీసి, "ఇది తూర్పు కిటికీ కదమ్మా, పొద్దు ఇటెలా కుంకుతుంది?" అన్నారు. నిజమే. ఆర్చ్ నది ఒడ్డున ఉంది, డౌన్‌టౌన్ అంతా దానికి పడమర. అక్కడి గదిలోంచి ఆర్చ్ కనబడిందంటే మనం తూర్పుకి చూస్తున్నట్టే. పైగా మా కిటికీకి సగం దాకా పార్కింగ్ గరాజ్ గోడ అడ్డం. మా ఆయన కిందికెళ్లి అడిగితే, "ఆర్చ్ కనబడుతోంది కదా సర్, వేరే గదులు ఖాళీ లేవు" అని మేనేజర్ కంప్యూటర్ వైపు తిరిగిపోయాడట. మా ఆయన ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. పైకొచ్చి మంచం మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. డబ్బు పోయిందని కాదు, పెద్దావిడ మోకాళ్ల నొప్పిని అడ్డం పెట్టుకుని అబద్ధం అమ్మడం నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

అదే హోటల్లో సామాన్లు మోసే పెద్దాయన లిఫ్ట్ దగ్గర మమ్మల్ని చూసి, నది అవతల మాల్కమ్ మార్టిన్ మెమోరియల్ పార్కుకి వెళ్లమన్నాడు. ఆయనకి పది డాలర్లు ఇచ్చాం. ఆ ఊళ్లో మేం మనస్ఫూర్తిగా ఇచ్చిన డబ్బు అదే.

పార్కు ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో, నదిని ఆనుకునే ఉంది. పార్కింగ్‌కి డబ్బుల్లేవు, టికెట్ లేదు. ఆర్చ్ చూడటానికి కట్టిన ఎత్తైన వేదిక ఎక్కడానికి ర్యాంపు ఉంది. అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని ఆగి ఆగి ఎక్కారు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఎదురుగా 630 అడుగుల ఆర్చ్. దాని కాళ్ల మధ్య దూరం కూడా అంతే. సరిగ్గా ఆ మధ్యలోంచి ఓల్డ్ కోర్ట్‌హౌస్ ఆకుపచ్చ గుమ్మటం కనబడుతుంది. బానిసగా బతుకుతున్న డ్రెడ్ స్కాట్ స్వేచ్ఛ కోసం వేసిన దావా 1847లో మొదట విచారణకి వచ్చింది అక్కడే.

ఏడవుతుండగా పొద్దు భవనాల వెనక్కి దిగింది. ఆర్చ్ కాళ్లు మూడు పలకలుగా ఉంటాయి. కాబట్టి ఒకే కాలికి ఒక పలక నల్లబడిపోతే, పక్క పలక అంచు ఇంకా నారింజ రంగులో వెలుగుతోంది. పైకి పోయేకొద్దీ సన్నబడే ఆ స్టీలు మీద రంగు నిమిషానికోలా మారింది. దీన్ని గీసిన ఈరో సారినెన్ 1961లోనే పోయాడు. ఆఖరి ముక్క అమర్చింది 1965లో. తన ఆర్చ్ మీద ఒక్క సాయంత్రం కూడా చూడలేదు పాపం.

చీకటి పడ్డాక దీపాలు వేస్తారని చూస్తే వెయ్యలేదు. మే, సెప్టెంబరు నెలల్లో వలస పక్షులు దారి తప్పకుండా ఆర్చ్ ఫ్లడ్‌లైట్లు ఆర్పేస్తారని పక్కన ఫొటోలు తీసుకుంటున్నాయన చెప్పాడు. "పిట్టల కోసమా!" అని అత్తయ్యగారు ఎంత సంబరపడ్డారో. నాకైతే దీపాల్లేకపోవడమే నచ్చింది. వెలుతురు కావాలనుకునేవాళ్లు ఆ నెలలు తప్పించి వెళ్లండి.

కాస్త ఎగువన ఈడ్స్ వంతెన మీద మెట్రోలింక్ రైలు వెలుగుతూ పోయింది. పైన రోడ్డు, కింద రైలు. "మన గోదావరి రోడ్డు కం రైలు వంతెన లాగే ఉందే!" అన్నారు అత్తయ్యగారు. ఈడ్స్ 1874లో కట్టింది, రాజమండ్రిది 1974లో తెరిచారు, సరిగ్గా వందేళ్ల తేడా. అది చెప్పాక మా ఆయన ముఖంలో కూడా నవ్వొచ్చింది. నీళ్లు వరద గోదారి రంగులోనే ఉన్నాయని, కాకపోతే గోదారంత వెడల్పు లేదని ఆవిడ తీర్పు.

పార్కు చుట్టుపక్కల రాత్రిపూట మనుషులు తక్కువ. కుటుంబంతో వెళ్తే కార్లోనే వెళ్లండి.

మర్నాడు ఆర్చ్ పైకి మా ఆయన ఒక్కరే వెళ్లారు. టికెట్ 19 డాలర్లు. ఐదుగురు మోకాళ్లు తగులుకుంటూ కూర్చునే చిన్న డబ్బాలో నాలుగు నిమిషాలు పైకి, మూడు నిమిషాలు కిందికి. మెట్లు ఎక్కక తప్పదు కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ఎక్కించొద్దు. ఊళ్లో గొప్పగా చెప్పే టోస్టెడ్ రావియోలీలో (లోపల కూరి వేయించిన చిన్న పిండి ముక్కలు) మామూలుగా గొడ్డు మాంసం ఉంటుంది, అడగకుండా తినకండి. టెడ్ డ్రూస్ అనే కొట్లో ఐస్‌క్రీం లాంటి ఫ్రోజెన్ కస్టర్డ్ కప్పు తలకిందులు చేసి ఇచ్చినా జారదు, చాలా బావుంది. అందులో గుడ్డు ఉంటుందని అత్తయ్యగారు ముట్టుకోలేదు.

ఇంటికొచ్చాక హోటల్‌కి కిటికీ ఫొటో జతచేసి మెయిల్ పెట్టాం. 45 డాలర్లు వెనక్కి వేశారు, క్షమాపణ మాత్రం లేదు. డెస్టినేషన్ ఫీజు ఇవ్వం అన్నారు. దాని మీద క్రెడిట్ కార్డు వాళ్లకి ఫిర్యాదు చేశాం, ఇంకా తేలలేదు.