అమెరికాలో క్లినికల్ సైకాలజీ: పీహెచ్‌డీనా, సైడీనా?

పీహెచ్‌డీ, సైడీ (PsyD, అంటే డాక్టర్ ఆఫ్ సైకాలజీ) రెండూ డాక్టరేట్లే. దేనితోనైనా లైసెన్స్ తెచ్చుకుని చికిత్స చేయొచ్చు, అందుకు రాయాల్సిన ఈపీపీపీ (EPPP) అనే లైసెన్స్ పరీక్షా ఒకటే. తేడా అంతా చదువు నడిచే తీరులో ఉంది. 1949లో అమెరికాలోని బౌల్డర్‌లో జరిగిన సైకాలజిస్టుల సదస్సు పీహెచ్‌డీని పరిశోధన, చికిత్స కలిసిన చదువుగా మలిచింది. 1973లో వెయిల్‌లో జరిగిన అలాంటి సదస్సు చికిత్సకే పెద్దపీట వేసే సైడీకి బలమిచ్చింది.

అసలు టెన్షన్ సీటు దగ్గరే. పీహెచ్‌డీకి మార్కులొక్కటే చాలవు. ల్యాబ్‌లో పనిచేసిన అనుభవం, స్టాటిస్టిక్స్‌పై పట్టు ఉండాలి. అన్నిటికీ మించి మీ ఆసక్తి అక్కడి ప్రొఫెసర్ చేసే పరిశోధనతో కలవాలి. సీట్లు తక్కువే కానీ చాలాచోట్ల ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. సైడీలో సీట్లు ఎక్కువ, ఖర్చు మాత్రం చాలావరకు మీదే. అయినా, డేటా అంటేనే విసుగొచ్చేవాళ్లు ఫీజు మాఫీ కోసం పీహెచ్‌డీలో చేరడం నాకైతే సబబనిపించదు.