గాలి మనదే, గట్టు ఎవరిది? రోళ్లపాడు నుంచి మైలవరం దాకా

కైట్ సర్ఫింగ్ అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి నీళ్లపై జారే ఆట. దానికి సముద్రమే కావాలని లేదు. అడ్డులేని గాలి, రాళ్లు లేని నీళ్లు, పటం విప్పడానికి కరెంటు తీగలు లేని ఖాళీ నేల ఉంటే చాలు. మా మేనల్లుడు రామేశ్వరంలో నేర్చుకున్నాడు. జూన్ నుంచి ఆగస్టు దాకా సీమలో గాలి ఎలా కొడుతుందో రామగిరి గాలిమరలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. "ఇంత గాలి పెట్టుకుని అంతదూరం ఎందుకు మామా?" అన్నాడు. సరే, మన రిజర్వాయర్లలో ఎక్కడ కుదురుతుందో చూద్దామని జూలైలో కర్నూలు నుంచి కారులో బయల్దేరాం. అనుమతి లేకుండా నీళ్లలో దిగేది లేదని ముందే మాట తీసుకున్నాను. పటం డిక్కీలోనే ఉంది, చేతిలో గాలివేగం కొలిచే మీటరు ఒక్కటే.

నందికొట్కూరులో ఉగ్గాని, బజ్జీ తిని ముందు రోళ్లపాడు వెళ్లాం. అక్కడ ఆడేందుకు నీళ్లేమీ లేవు, నేనే పట్టుబట్టి తీసుకెళ్లాను. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో 614 హెక్టార్ల గడ్డినేలను అభయారణ్యం చేశారు. కానీ ఆ పిట్ట కంచె లోపలే బతకదు, చుట్టుపక్కల మెట్టచేలల్లోనూ తిరుగుతుంది. కాలవ నీళ్లొచ్చి పంటలు మారాయి. ఇప్పుడు బట్టమేక కనిపించదు. కృష్ణజింకలు మాత్రం పెరిగాయి, వాటి నుంచి చేను కాపాడుకోలేక రైతులు తిట్టుకుంటున్నారు. మావాడికి నేను చూపించాలనుకున్నది ఇంకొకటి. గడ్డిలో గుడ్లు పెట్టే పిట్టలకు వానాకాలమే అదను, అంటే సరిగ్గా గాలి బాగుండే నెలలు. పది చదరపు మీటర్ల గుడ్డ ఇరవై మీటర్ల ఎత్తున ఊగుతుంటే నేలమీది పిట్టకు అది పెద్ద గద్దే. ఇలాంటి చోట పటం విప్పకూడదు. ఇందులో నాకు రెండో మాట లేదు. వెళ్లేవాళ్లు తిండి, నీళ్లు వెంట తీసుకెళ్లండి. లోపల మాకేమీ దొరకలేదు.

ఈ తిరుగుడులో నాకు బాగా నచ్చింది వెలుగోడు. తెలుగుగంగ కోసం కట్టిన 16.95 టీఎంసీల జలాశయం, పక్కనే నల్లమల. శ్రీశైలం నుంచి నీళ్లింకా రాలేదు కాబట్టి అంచుల్లో బురద తేలి ఉంది. సీమలో ఇదే చిక్కు: గాలి ముందొస్తుంది, నీళ్లు తర్వాత వస్తాయి. పుట్టి ఒడ్డుకు లాగుతున్న పెద్దాయన్ని అడిగితే పటం గురించి అంతా విని, "నీళ్లలో మా వలలుంటాయి గదా నాయనా, వాటి మీద పడితే?" అన్నాడు. మావాడు జవాబు వెతుక్కున్నాడు. పటం తాళ్లు ఇరవై మీటర్ల పైనే ఉంటాయి. వలలో చిక్కితే వలా పోతుంది, మనిషికీ ప్రమాదమే. ఆయన అడిగేదాకా మేం పులులు, పిట్టలు, అటవీశాఖ గురించే మాట్లాడుకుంటున్నాం. రోజూ నీళ్లలో ఉండేవాళ్లు గుర్తుకే రాలేదు.

అవుకు రిజర్వాయరు మీద ఎక్కువ ఆశలు వద్దు. బోటింగ్ బాగుంది, కుటుంబంతో వెళ్లొచ్చు. కానీ కొండల మధ్య గాలి ఒక నిమిషం లాగి ఇంకో నిమిషం చచ్చిపోతోంది. అనుమతి గురించి ఒక ఆఫీసులో అడిగితే కుదురుతుందనీ చెప్పలేదు, కుదరదనీ చెప్పలేదు. "రాసివ్వండి, పైకి పంపిస్తాం" అన్నారు. ఆ రాత్రి దిగిన లాడ్జిలో పక్కబట్టలు శుభ్రంగా ఉన్నాయి. జనరేటర్ మాత్రం కిటికీ కిందే పెట్టారు.

గండికోట చూడ్డానికే. పెన్నా లోయలో గాలి సుడులు తిరుగుతుంది, అక్కడ పటం అన్న ఆలోచనే వద్దు. పర్యాటక శాఖ హరిత హోటల్ కోటకు దగ్గర, సెలవుల్లో ముందే బుక్ చేసుకోవాలి. టెంట్లకంటే నాకు గదే నయమనిపించింది. రాత్రి ఆ గాలికి టెంటులో నిద్రపట్టడం కష్టం.

దిగువన మైలవరం జలాశయం దగ్గర మావాడి ముఖం వెలిగింది. వెడల్పైన నీళ్లు, ఒకే తీరున గాలి. అయితే పడమటి గాలి మనిషిని నేరుగా ఆనకట్ట రాళ్ల మీదికి తోస్తుంది. కట్టకు దూరంగా, పక్క ఒడ్డు నుంచి దిగే చోటుంటేనే ఇది పనికొస్తుంది.

రామేశ్వరం దగ్గర మన్నార్ సింధుశాఖలో 21 దీవులు జాతీయ పార్కు కింద ఉన్నాయి. అయినా ఆ చుట్టుపక్కల ఈ ఆట నేర్పే బడులు నడుస్తున్నాయి. జర్మనీవాళ్లు ఉత్తర సముద్రపు జాతీయ పార్కుల్లో గుర్తించిన చోట్ల తప్ప కైట్ వద్దని 2023లో నిబంధన తెచ్చారు. అక్కడి ఆటగాళ్లు గొణిగి ఉంటారు. నాకైతే అదే నయమనిపిస్తుంది. ఎక్కడ దిగొచ్చో రాసిపెట్టి ఉంటే గట్టుమీద ఎవరికి తోచినట్టు వాళ్లు ఆపరు. మనకైతే కాలం కూడా కలిసొస్తుంది. వలస బాతులు చలికాలంలో వస్తాయి, అప్పటికి గాలి తగ్గుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా పూర్తిగా మూసేసినా ఆటగాళ్లు పోగొట్టుకునేది తక్కువే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వలలు లేని ఒక ఒడ్డు తెరిచి, హద్దులకు జెండాలు కడితే చాలు. గడ్డినేలలు మాత్రం ఆ నెలల్లోనూ వద్దు.

అవుకులో చెప్పినట్టే మావాడు అర్జీ రాస్తున్నాడు. నీటిపారుదల శాఖకు ఒకటి, అటవీశాఖకు ఒకటి. వెలుగోడు మత్స్యకారులు ఎక్కడ వలలు వేస్తారో వాళ్లతోనే గీయించిన మ్యాపు ఒకటి జత చేయమన్నాను. ఆదివారం మళ్లీ వెళ్తున్నాడు.