హెచ్‌ఐవీ, మెదడు: ఎలుకలో చూడాలా, కోతిలో చూడాలా?

హెచ్‌ఐవీ మామూలు ఎలుకలకు సోకదు. అందుకే వైరస్ జన్యువులను ఎలుక డీఎన్‌ఏలోనే చేర్చారు. గ్యాగ్, పాల్ జన్యువుల్లో కీలక భాగం తీసేయడంతో వైరస్ పెరగదు, కొన్ని వైరస్ ప్రొటీన్లు మాత్రం తయారవుతూనే ఉంటాయి. మందులతో వైరస్ అణిగినా కొందరిలో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి ఎందుకు తగ్గుతాయో వెతకడానికి ఈ ఎలుక బాగా పనికొస్తుంది. ఖర్చూ తక్కువే.

కానీ ఇందులో అసలు ఇన్‌ఫెక్షనే లేదు. హెచ్‌ఐవీకి దగ్గరి బంధువైన, కోతులకు సోకే ఎస్‌ఐవీ వైరస్‌ను ఎక్కించిన మకాక్ కోతుల్లో వైరస్ కొద్ది రోజుల్లోనే రక్తం నుంచి మెదడుకు చేరి, అక్కడి రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్, మైక్రోగ్లియాలకు సోకుతుంది. మందులిచ్చి, ఆపి, అది ఎక్కడ దాక్కుందో చూడవచ్చు. ఖరీదు ఎక్కువ, పైగా ఇంత తెలివైన జీవిని బాధపెట్టడం చిన్న విషయం కాదు. అయినా మెదడులో దాగిన వైరస్‌ను తొలగించే చికిత్సను పరీక్షించాలంటే నా ఓటు మకాక్‌కే. ప్రతి కణంలోనూ వైరస్ జన్యువులున్న ఎలుకను ఆ ప్రశ్న అడగలేం.